ఇంజన్లన్నింటికీ ఒకే నంబరు

మామగారు పిలిచింది ఒక్క ఇంజన్ని. కదిలినవి మాత్రం బల్ల మీదున్న ఇంజన్లన్నీ.

యార్డులో వరసగా నిలబెట్టిన డీజిళ్ళు ఒక్కసారిగా ముందుకు దూకాయి. ఎదురెదురు ముఖాలతో ఆగివున్న రెండు గూడ్సు బళ్ళు వెళ్ళి గుద్దుకున్నాయి. పెట్టెలు పక్కకి ఒరిగాయి. ఆ రోజు బొమ్మ రైళ్ళ క్లబ్బు ప్రదర్శన, హాలు నిండా జనం. అదంతా తమ కోసం ఏర్పాటు చేసిన తమాషా అనుకుని ముందు వరసలో వాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు.

"ఆపండి మావయ్యా, ఆపెయ్యండి," అంటూ అల్లుడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

మామగారు చేతిలోని రిమోటు వైపే చూస్తున్నారు. దాని తెర మీద అరవై రెండు అని ఉంది. ఆయన నొక్కింది అదే. సరైనదే నొక్కి కూడా, తన తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ ఉండిపోయారు.

అల్లుడు ఎర్ర బటను మీద అరచెయ్యి వేసేసరికి ఆలస్యమైపోయింది. జనం వచ్చీపోయేందుకు గుమ్మం దగ్గర పట్టాలున్న మడత వంతెన ఎత్తి పెట్టారు. ఆ ఖాళీ అంచున మామగారి బొగ్గు ఇంజను నిలబడి ఉంది. అందరితో పాటు అదీ బయల్దేరింది. ముందు పట్టా లేదని దానికేం తెలుసు. నేల మీద పడ్డ చప్పుడు చిన్నదే, గిన్నెలో చెంచా పడ్డంత. చప్పట్లు ఆగిపోయాయి.

మామగారు గడియారాలు బాగుచేసే మనిషి. కొట్టు కట్టేశాక ఆ చేతులకి ఊరికే ఉండడం చేతకాలేదు. ఆ ఇంజను డ్రైవరు ముందుండే ప్రెషరు మీటరులో ముల్లు ఒక పాత ఆడవాళ్ళ వాచీలోంచి తీసిన సెకన్ల ముల్లు కొస. వెనక తొట్టిలో ఉన్నది నిజం బొగ్గే, రోట్లో దంచి, జల్లెడ పట్టి, గింజ గింజా అతికించారు. పొగగొట్టం చుట్టూ మసి ఎంత సహజంగా ఉండేదంటే, కొత్తవాళ్ళు ముట్టుకుని వేళ్ళు చూసుకునేవారు. ఇప్పుడు ఆ పొగగొట్టం ఒకచోట, చక్రాలు ఒకచోట.

అల్లుడు వంగి ముక్కలు ఏరుతున్నాడు. తల ఎత్తడంలేదు. ఎత్తితే తన మొహం ఎవరైనా చదివేస్తారని భయం. ఎందుకంటే ఇదెలా జరిగిందో ఆ హాల్లో తెలిసిన మనిషి అతనొక్కడే.

ఆ పొద్దున జరిగింది ఇది. ప్రతి ఇంజను కడుపులోనూ గోరంత చిప్పు ఉంటుంది. దానికొక నంబరు ఉంటుంది. రిమోటు నుంచి వచ్చే ఆజ్ఞ పట్టాల మీదుగా అందరికీ చేరుతుంది గానీ, ఎవరి నంబరు పిలిస్తే వాళ్ళే కదులుతారు. కొత్త ఇంజనుకి నంబరు పెట్టాలంటే దాన్ని ఎత్తి, పక్కనున్న విడి పట్టా ముక్క మీద ఒంటరిగా పెట్టి, స్విచ్చి అటు తిప్పి, అప్పుడు పంపాలి. పెద్ద పట్టా మీద పంపితే అక్కడున్న ప్రతి ఇంజనూ ఆ నంబరు తనదేననుకుని పుచ్చేసుకుంటుంది. ఈ నియమం క్లబ్బులో అందరికీ నేర్పింది అల్లుడే. అందుకే అతన్ని 'మెదళ్ళ మేస్త్రి' అనేవారు. పెద్ద పట్టా మీద నంబరు పెట్టినవాడి చెవి మెలిపెడతానని ప్రతి పాఠంలోనూ బెదిరించేవాడు.

ఆ పొద్దున అతని కొత్త డీజిలు అప్పటికే పెట్టెలు తగిలించుకుని యార్డులో ఉంది. దాని ఒంటికి తుప్పు రంగు అద్ది, అది ఆరకుండానే తెచ్చాడు. చేత్తో ఎత్తితే వేళ్ళ గుర్తులు పడతాయి. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడు. ఉన్నచోటే, ఉన్నపళంగా, క్లబ్బు కంట్రోలు పెట్టెతో అరవై రెండు పంపేశాడు. పంపిన క్షణంలో బల్ల మీద ఇంజన్లన్నీ చిన్నగా ఉలిక్కిపడ్డాయి, నిద్రలో దోమ కుట్టినట్టు. అతను చూశాడు. ఎవరో బల్లకి తగిలి ఉంటారని తనకి తానే చెప్పుకున్నాడు. అంతలో జనం లోపలికి వచ్చేశారు. మొదటి బండిగా ఆ డీజిల్ని నడిపే గౌరవం పెద్దాయనకిద్దామని అందరూ అన్నారు.

క్లబ్బు అధ్యక్షురాలు పళ్ళ డాక్టరమ్మ. పళ్ళు గీకే సూదుల్తోనే రైలు పెట్టెల మీద మేకులు చెక్కే మనిషి. జనాన్ని పక్క గదిలోకి పంపించి తలుపు వేసింది.

"ఎవరూ కంగారు పడొద్దు. నాకు ఒక్కటే తెలియాలి. అరవై రెండు నంబరు ఎవరు, ఎక్కడ పెట్టారు?"

"అది నా డీజిలు నంబరండీ," అన్నాడు అల్లుడు. "ఇంట్లోనే పెట్టి తెచ్చాను. నిన్న."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అతను అనుకోలేదు.

"అయితే ఇంకేముంది," అన్నాడు బేకరీ ఆయన. గుద్దుకున్న గూడ్సుల్లో ఒకటి ఆయనది, ముక్కు సొట్టపోయింది. "పొద్దుట్నుంచీ రిమోటు పెద్దాయన మెళ్ళోనే ఉంది. నొక్కకూడనిది ఏదో నొక్కేశారు. పోయిన వారం నన్నే పట్టుకుని పాలాయనా అని పిలిచారు. మైదా మొహం పెట్టుకుని తిరిగేవాణ్ణి, పాలాయన ఎలా అయ్యానో."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

మామగారు మాత్రం అల్లుడి వైపు తిరిగారు. "ఇంట్లో ఎలా పెట్టావు బాబూ? నంబర్లు పంపే కంట్రోలు పెట్టె మన ఇంట్లో విప్పి ఉంది కదా. నా బల్ల మీద. మరలు సీసా మూతలో పోశాను."

నిజమే. పెట్టె విప్పే ఉంది. అందులో తీగ కాలిపోతే ఆయనే విప్పారు. డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"బిగించేశారు కదా మావయ్యా," అన్నాడు. "మొన్న మీరే బిగించారు. మర్చిపోయారా?"

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. అది ముసలాయన మొహం మీద ఎలా దిగిందో అతను చూశాడు.

"బిగించానా?" అన్నారు మామగారు. "అయ్యుంటుంది. అలా అయితే ఇదీ నేనే చేసి ఉంటానమ్మా. క్షమించండి." మెళ్ళోంచి రిమోటు తాడు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టారు. బేకరీ ఆయన దగ్గరికి వెళ్ళి, "దాని ముక్కు నేను సరిచేసి ఇస్తానయ్యా," అన్నారు. ఆయన "వద్దులెండి, మీరు దాని జోలికి రాకపోతే అదే పదివేలు" అన్నాడు.

నేల చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది అల్లుడికి. కానీ నేల చీలలేదు. పైగా అతని బుర్రలో అప్పటికే వేరే గడియారం కొట్టుకుంటోంది. ఇంటికెళ్ళగానే మామగారు పెట్టె చూస్తారు. అది విప్పే ఉంటుంది.

"మందు బిళ్ళలు తీసుకోవాలి, మీరు మెల్లగా రండి మావయ్యా, డాక్టరమ్మ కారులో," అని చెప్పి బైటపడ్డాడు. సైకిలు గబగబా తొక్కాడు. ఇంట్లో భార్య వంటగదిలో ఉంది. "అయిపోయిందా అప్పుడే?" అని అడిగింది. జవాబు చెప్పకుండా మామగారి పనిగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరేశాడు.

కంట్రోలు పెట్టె విప్పదీసిన కోడిలా బల్ల మీద పడి ఉంది. తీగలన్నీ లోపలికి కుక్కి మూత పెట్టాడు. సీసా మూతలోంచి మరలు తీసి బిగించడం మొదలెట్టాడు. స్క్రూడ్రైవరు రెండుసార్లు జారి మర తల మీద గీత పడింది. ఒక మర అసలు దిగలేదు, వంకరగానే వదిలేశాడు. వీధిలో కారు తలుపు చప్పుడైంది.

మామగారు లోపలికి వచ్చి నేరుగా బల్ల దగ్గరికే వెళ్ళారు. పెట్టె చూశారు. పైన వేలు పెట్టి మెల్లగా రాశారు. భూతద్దం కంటికి పెట్టుకుని ఒక్కో మరనీ చూశారు. అల్లుడు గుమ్మం దగ్గరే నిలబడి చూస్తున్నాడు. కనిపెట్టేస్తారు. కనిపెట్టేస్తే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"బిగించానన్నమాటే," అన్నారు ఆయన. "ఇంత మొరటుగా నా జన్మలో బిగించలేదు బాబూ. బుర్రే కాదు, చేతులు కూడా పోయాయి."

అల్లుడి చేతకానితనాన్ని ఆ మనిషి తన మీద వేసుకున్నాడు.

ఆ సాయంత్రం భార్యకి క్లబ్బు సంగతంతా తెలిసింది. తండ్రే చెప్పారు, దాచకుండా. ఆమె కళ్ళు తుడుచుకుని, పనిగదిలోంచి టంకం వేసే కడ్డీ, రంగు స్ప్రే, బ్లేళ్ళు అన్నీ ఒక అట్టపెట్టెలో సర్దింది. "నాన్నా, ఇవి కొన్నాళ్ళు బీరువాలో ఉంటాయి. చెయ్యి కాల్చుకుంటే నేనేం చెయ్యను?"

"తీసుకోమ్మా," అని ఆయనే అందించారు. చిన్న పిల్లాడు చాక్లెట్లు వెనక్కి ఇచ్చినట్టు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "నీ డీజిలుకి దెబ్బ తగల్లేదుగా? కొత్తది పాపం," అన్నారు.

"తగల్లేదు మావయ్యా."

"అదే నా అదృష్టం."

గదిలో ఇద్దరే మిగిలాక భార్య అంది, "మీరైనా ముందే చెప్పాల్సింది ఏవండీ. ఇద్దరూ పొద్దస్తమానం ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆయన ఇలా అయిపోతుంటే మీకు తెలీలేదా?"

అతను లేచి తలుపు గొళ్ళెం పెట్టాడు. అప్పుడు చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే ముందు నంబరు సంగతి, తర్వాత అబద్ధం, ఆ తర్వాత పెట్టె. మొదటిది పొరపాటు. రెండోది పిరికితనం. మూడోదానికి అతని దగ్గర పేరు లేదు.

"రేపు మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం," అంది ఆమె. "మీరు కూడా రండి. మీరంటే ఆయనకి ధైర్యం."

మతిమరుపు డాక్టరు గది చిన్నది. కిటికీకి తెల్ల తెర, గోడకి మెదడు బొమ్మ. డాక్టరు కుర్రాడే, తొందరపడని కుర్రాడు. పెద్దాయన చేత ఒక గడియారం బొమ్మ వేయించాడు. మామగారు వేశారు. ముళ్ళు, అంకెలే కాదు, పక్కన తాళం తిప్పే గుండీ, అడుగున చిన్న సెకన్ల చట్రం కూడా. డాక్టరు కాగితం పట్టుకుని నవ్వాడు.

"ఇంత బాగా వేసినవాళ్ళు నాకు ఇంతవరకు దొరకలేదండీ. మీకు మతిమరుపని ఎవరన్నారు?"

"ఎవరూ అనక్కర్లేదు నాయనా. మనుషుల పేర్లు తడబడితే వయసనుకున్నాను. మొన్న మాత్రం ఒక పెట్టె విప్పాను, బిగించాను. బిగించిన సంగతి బొత్తిగా గుర్తులేదు. నేను ఇన్నేళ్ళలో విప్పిన వాచీ ఏదీ మర్చిపోలేదు. ఆ పెట్టె నాకు కలలో కూడా విప్పినట్టే కనిపిస్తోంది." ఆయన చేతులు ఒళ్ళో ముడుచుకున్నారు. "వేసే మందు వేసెయ్యండి. కూతురికి భారం కాకుండా ఉంటే చాలు."

భార్య తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

డాక్టరు పెన్ను తీశాడు. ఏదో రాయబోతూ ఆగి, అల్లుడి వైపు చూశాడు. "ఇలాంటి సందర్భాల్లో చూసినవాళ్ళ మాట ముఖ్యం. మీరు ఒకే ఇంట్లో ఉంటారు కదా. ఆయన ఆ పెట్టె బిగిస్తుంటే మీరు స్వయంగా చూశారా?"

చూశానని అంటే సరిపోతుంది. డాక్టరు రాసుకుంటాడు. మందులు వస్తాయి. పనిగదికి తాళం పడుతుంది. గడియారం ముల్లు కొసతో మీటరు చేసిన మనిషి రేపట్నుంచి గుమ్మంలో కూర్చుని, తన బుర్రని తానే అనుమానిస్తూ, వీధిలో పోయేవాళ్ళని లెక్కపెట్టుకుంటాడు. మామగారు కూడా అతని వైపే చూస్తున్నారు. ఆ చూపులో నేరారోపణ ఏమీ లేదు. పరీక్షలో ఫలితం కోసం చూసే పిల్లవాడి చూపు అది.

"చూడలేదండీ," అన్నాడు అల్లుడు.

"మరి?"

"ఆయన బిగించలేదు. అందుకే ఆయనకి గుర్తులేదు." అల్లుడు పెద్దాయన వైపు తిరిగాడు. "మావయ్యా, మీ బుర్రకి ఏమీ కాలేదు. ఆ పెట్టె విప్పే ఉంది. ఇంటికి ముందుగా పరిగెత్తుకొచ్చి బిగించింది నేను."

భార్య చెయ్యి తండ్రి భుజం మీదే ఉండిపోయింది. "ఎందుకు?" అంది. అంతే అడిగింది.

"నంబరు ఇంట్లో పెట్టాననే అబద్ధం నిలబడాలి కాబట్టి."

"అయితే ఇంజన్లన్నింటికీ అరవై రెండు ఎక్కించిందెవరు?" అడిగారు మామగారు. ఆయన గొంతులో కోపం లేదు. విప్పిన యంత్రంలో ఆఖరి చక్రం ఎక్కడుందో వెతికే మనిషి గొంతు అది.

అల్లుడు తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూశాడు.

"నేనే మావయ్యా. పెద్ద పట్టా మీద పంపాను. మీ అల్లుణ్ణి, నేనే."