తలుపులో సగం మనిషి

ఖాళీ స్థలంలో ఆరంతస్తుల భవనం లేవాలా వద్దా అని చర్చించడానికి కాలనీ కమిటీవాళ్లు సమావేశం పెట్టారు. చర్చ టీ వచ్చేదాకానే సాగింది. తర్వాత అందరూ బిల్డర్ బల్ల మీద పెట్టిన నమూనా చుట్టూ చేరారు. అట్ట భవనం, స్పాంజి చెట్లు, వాటి కింద ప్లాస్టిక్ మనుషులు.

"ఎంత విశాలంగా ఉందో" అనుకున్నారు, అప్పుడే అందులోకి మారిపోయినట్టు.

ఆ స్థలం అంచున ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నావిడ సొంత దుకాణం ఉంది. ఆవిడ సంతకం పెడితేనే పునాది పడేది. బదులుగా కొత్త భవనంలో అంతే దుకాణం ఇస్తామన్నారు. ఒప్పించే పని కమిటీ కార్యదర్శి నెత్తినేసుకున్నాడు. అతను ఆవిడ మరిది. పదవి వచ్చినప్పటి నుంచి ఇంట్లో కూడా ఎజెండా ప్రకారమే మాట్లాడుతున్నాడని తోడికోడలు తల పట్టుకుంటోంది.

"ఇదిగో వదినా, నీ దుకాణం. ఇద్దరు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు" అంటూ రెండు బొమ్మల్ని వరసగా పడుకోబెట్టి చూపించాడు.

ఆవిడ మెడలోని టేపు తీసింది. బొమ్మ అంగుళం. తలుపు రెండంగుళాలు. దుకాణం వెడల్పూ రెండే.

"తలుపెంత ఎత్తు పెడతారండీ?" అని బిల్డర్‌ని అడిగింది.

"ఏడడుగులమ్మా."

"అయితే దుకాణమూ ఏడడుగులే. నాది పదకొండు. మెషిన్ పెడితే కత్తిరించే బల్ల వీధిలో వేసుకోవాలి. ఈ మనిషేమో మూడున్నర అడుగులు. పాపం, ఏం పెట్టి పెంచారో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"బొమ్మలకి కూడా కొలతలు తీస్తావేంటి వదినా, పరువు తీయకు" అన్నాడు మరిది.

"పడుకోబెట్టింది నువ్వేగా."

మిగతావాళ్లు సరేనని చేతులెత్తారు. ఇంటికో కారు నిలిపే చోటు ఇస్తామన్నారు మరి. కార్లు లేనివాళ్లు రెండు చేతులూ ఎత్తారు.

వారం తర్వాత, తప్పు దిద్దించానంటూ మరిది నమూనాని దుకాణానికే మోయించుకొచ్చాడు. మిగతా అంతా అలాగే ఉంది. తలుపుల్ని మాత్రం పొట్టిగా కోసేశారు.

"ఇప్పుడు మనిషికి తగ్గ తలుపు. దాంతో లెక్కేస్తే దుకాణం నువ్వన్న పదకొండడుగులు. పెట్టు సంతకం."

ఆవిడ తలుపు కొలిచింది. అంగుళంపావు. తర్వాత నమూనాలోని స్థలం మీద ఆ చివర్నుంచి ఈ చివరికి టేపు పరిచింది. సుద్దముక్కతో బల్ల మీద లెక్క వేసింది.

"ఈ తలుపు ఏడడుగులైతే స్థలం నూట తొంభై అడుగులవుతోంది మరిదీ. ఉన్నది నూట ఇరవై. మిగతా డెబ్బై ఎక్కణ్ణుంచి తెస్తారు?"

అతను కిటికీలోంచి చూశాడు. స్థలాన్ని ఆనుకుని అతనిల్లే ఉంది. పోయినేడే రంగులు వేయించాడు.

"అటు మా ఇల్లుంది కదా వదినా."

"వంటింటితో మొదలెడతారో, పడకగదితోనో. ఎజెండాలో ఉంటుంది, చూసుకో."

సంతకం చేయాల్సిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న మెషిన్ కాలి కిందకి తోసి, ఆగిన కుట్టు అందుకుంది.