గేర్లక్క అడిగే ప్రశ్న

గేర్లక్క షెడ్డులోకి ఎవరొచ్చినా ముందు ఇంజన్ సంగతి అడగదు, మనుషుల సంగతి అడుగుతుంది. "ఈ బండి మీరు కాక ఇంకెవరు నడుపుతారు? రోడ్డు మీదెంత, రేసు ట్రాకు మీదెంత?" ఆ జవాబును బట్టే గేర్‌బాక్స్ కడుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు కట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి కాబట్టి ఎంతటి మొనగాడైనా ఆ ప్రశ్నకు బుద్ధిగా నిజం చెప్పేవాడు.

కళ్లజోళ్ల షాపాయన మాత్రం అబద్ధం చెప్పాడు.

బల్ల మీద రెండు కన్వర్టర్లు ఉన్నాయి. ఇంజన్ బలాన్ని గేర్లకు అందించే ఇనప డొల్లలవి. ఒకటి సాధువు. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, బండి మెల్లగా కదులుతుంది. రెండోది ఇంజన్ గొంతు చించుకునే దాకా కదలదు, కదిలిందంటే ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. దానికి జోడీగా గేర్లు ఠపీమని మారే ఏర్పాటు. ఎప్పుడో నెలకోసారి ట్రాకు మొహం చూసే మన పెద్దమనిషికి రెండోదాన్ని చూడగానే నోరూరింది. మిగతా రోజులన్నీ అదే కార్లో భార్య ఊరంతా తిరిగి కేకులు అందించి వస్తుందన్న సంగతి గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చినా గొంతులోనే నొక్కేశాడు.

"నేనొక్కడినే అక్కా. ఎక్కువ ట్రాకు మీదే."

"నిజమేనా? తర్వాత మెడ పట్టేసిందని ఏడుస్తూ రాకూడదు మరి."

"నిజమే."

ఇంటికొచ్చి భార్యతో, "పాత గేర్‌బాక్సు అరిగిపోయింది, కొత్తది వేయించాను. నీకేం తేడా తెలీదు" అన్నాడు. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు.

ట్రాకు మీద బండి దుమ్ము రేపింది. స్నేహితులు భుజాలు చరిచారు. ఊళ్లో మాత్రం మొదటి కేకు సిగ్నల్ దగ్గరే వెనక సీటు మీంచి జారి డబ్బా మూతకు అతుక్కుపోయింది. రెండోదాని మీది క్రీము గులాబీలన్నీ ఒక మూలకు చేరాయి. ఆవిడ కారును పల్లెత్తు మాట అనలేదు.

"నా కాలికేమైందోనండీ. ఇన్నేళ్లు నడిపి, ఇప్పుడు కొత్తగా నేర్చుకునేదానిలా కుదిపేస్తున్నాను."

చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. "అలవాటవుతుందిలే" అన్నాడు మహానుభావుడు. ఆ రోజంతా షాపులో ఎవరి కళ్లలోకీ సరిగ్గా చూడలేకపోయాడు, తీరా చూస్తే ఆయన చేసే పనే అది.

తర్వాత ఆవిడ ఒక పెళ్లి కేకు ఆర్డరు వదులుకుంది. "అంతస్తుల కేకు. దారిలో పడేస్తే ఎవరికి మొహం చూపించను?" అంది. ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు గానీ నోరు మాత్రం విప్పలేదు.

చివరికి ఒక సాయంత్రం ఆవిడే అడిగింది. "కాస్త పక్కన కూర్చోండి. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి."

ఖాళీ మైదానంలోకి తీసుకెళ్లి ఆవిడను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. బండి ముందుకు దూకింది. "సారీ అండీ" అంది. గేరు మారింది, ఇద్దరి తలలూ ఊగాయి. మళ్లీ "సారీ అండీ". స్టీరింగు మీద ఆవిడ వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఇక ఆయన వల్ల కాలేదు.

"ఆపు. తప్పు నీది కాదు, గేర్‌బాక్సుది. ఇది ట్రాకు కోసం కట్టింది. తెలిసే వేయించాను."

ఆవిడ ఇంజన్ ఆపేసింది. "తెలిసేనా?"

"తెలిసే."

"మరి ఇన్నాళ్లూ నేను నా కాలిని తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నారా?"

ఆవిడ దిగి, వెనక తలుపు తీసుకుని, రోజూ కేకులు పెట్టే చోట కూర్చుంది. "ఎక్కడ కట్టించారో అక్కడికి పోనివ్వండి."

దారి పొడుగునా ప్రతి కుదుపుకీ ఆయన అద్దంలోకి చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది.

గేర్లక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వెనక సీటులో ఉన్నావిడను చూసింది, తల వంచుకున్న ఆయన్ని చూసింది. కొత్తగా వచ్చినవాళ్లను అడిగినట్టే అడిగింది.

"ఈ బండి ఎవరు నడుపుతారు?"

"మా ఆవిడ" అన్నాడు. తలెత్తి మళ్లీ అన్నాడు. "అప్పుడు కూడా ఆవిడే అక్కా."