జారే చక్రానికే నా బలం

నేనొక డిఫరెన్షియల్‌ని. పికప్ బండి వెనక ఇరుసు మధ్యలో, గుండ్రటి ఇనుప గుల్లలో, పదకొండేళ్లు నూనెలో మునిగి పనిచేశాను. ఇంజను పంపే బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచడం నా ఉద్యోగం. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను నేనే సర్దేదాన్ని.

నాకో గుణం ఉంది. ఒక చక్రం జారితే నా బలమంతా ఆ జారే చక్రానికే పోతుంది. నేలను పట్టుకున్నది ఊరికే నిలబడుతుంది. నన్ను చేసినవాళ్లు దాన్ని లోపం అనుకోలేదు. మనుషులు చదును రోడ్ల మీద బండిని నడిపి చూసుకుని, కొండల్లో వాళ్లకూ అదే అమ్ముతారు.

మొదట అనకాపల్లిలో ఒక వ్యాపారి దగ్గర ఐదేళ్లు బెల్లం మోశాను. నేనొకదాన్ని ఉన్నానని కూడా ఆయనకు తెలియదు. తరువాత చింతపల్లి అవతలి కొండల్లో ఉండే కిల్లో సుందర్రావు బండి కొన్నాడు. నెమ్మదస్తుడు. రాజ్మా, కాఫీ పళ్లు సంతకు తోలేవాడు. అతని భార్య కాంతమ్మ తమ్ముడు మత్స్యలింగం ఎప్పుడూ బస్తాల మీద కూర్చుని పాడుతూ వచ్చేవాడు. ఆ పాటలు ఇరుసు దాకా వినిపించేవి.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున గాటీ, అంటే కొండ దారి ఎక్కుతున్నాం. ఎర్రమట్టి మీద సిల్వర్ ఓక్ చెట్ల ఆకులు రాలి, మంచుకు తడిసి ఉన్నాయి. ఎడమ చక్రం వాటి మీదికెక్కి గిర్రున తిరగడం మొదలుపెట్టింది. కుడి చక్రం గట్టి నేల మీదే ఉంది, కానీ కదల్లేదు.

మత్స్యలింగం దూకి, చక్రం వెనక రాయి పెట్టి, బండికి భుజం ఆనించాడు.

"తొక్కు బావా, తొక్కు!"

సుందర్రావు తొక్కాడు. వచ్చిన బలమంతా ఎడమ చక్రానికి ఇచ్చాను. అది ఆకులను చిమ్మింది, రాయిని తోసేసింది. బండి పక్కకు జారి వెనక్కి వచ్చింది. చక్రం కింద మెత్తగా ఏదో తగిలింది. అరుపు ఆ తరువాత వినబడింది.

మత్స్యలింగం కాలు మోకాలి కింద తీసేశారు.

నెల దాటాక బండి నర్సీపట్నంలో అప్పలకొండ మేస్త్రీ షెడ్డుకు వచ్చింది. మేస్త్రీ నన్ను విప్పి, నా చోట లాకు ఉన్న కొత్తదాన్ని బిగించాడు.

"జారే దగ్గిర ఈ స్విచ్చి నొక్కు. రెండు సక్రాలూ కలిసే తిరుగుతాయి. మంచి రోడ్డెక్కాక తీసీయాల, నేకపోతే మలుపు తిరగదు," అన్నాడు.

సుందర్రావు తలాడించాడు. నన్ను గోడవారన పడేశారు.

ఫిబ్రవరిలో నూనె మార్పించడానికి సుందర్రావు మళ్లీ వచ్చాడు. పక్క సీట్లో మత్స్యలింగం ఉన్నాడు.

"ఎలాగుంది కొత్తది?" అని మేస్త్రీ అడిగాడు.

"ఎక్కీసింది. అదే గాటీ, అవే ఆకులు. ఒక్కపాలి కూడా జారనేదు."

ఎవరి బండి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. మేస్త్రీ మెచ్చుకోలుగా నవ్వబోయి ఆగిపోయాడు.

మత్స్యలింగం కర్ర ఆనించుకుని దిగి, పాతది చూపించమన్నాడు. మేస్త్రీ కాలితో నన్ను చూపించాడు. అతను పాత టైరు మీద కూర్చుని నన్ను ఒళ్లోకి లాక్కున్నాడు. నాలో వేలు పెట్టి ఒక పక్క గేరు తిప్పాడు. రెండో పక్కది ఎదురు దిక్కుకు, చప్పుడు లేకుండా తిరిగింది. మళ్లీ తిప్పాడు. అతను పాడతాడేమోనని ఎదురుచూశాను.

"బావా, ఇది పాడవనేదు కదా?"

"నేదు."

"మరి?"

"అదలాగే పనిచేత్తాదట."

మత్స్యలింగం గేరు మీంచి వేలు తీశాడు. కోపం రాలేదతనికి. వస్తే బాగుండునని నాకనిపించింది. నన్ను కింద పెట్టి, మడిచి కుట్టిన ప్యాంటు కాలికి నూనె అంటిన వేళ్లు తుడుచుకున్నాడు. సుందర్రావు అతన్ని ఎత్తి సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.

మర్నాడు పాత ఇనుము కొనేవాడు వచ్చి నన్ను తీసుకుపోయాడు.