ముట్టుకున్న నల్లరాజు

నేను ఒక చదరంగపు నల్లరాజును. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, చెక్కి నన్ను చేశారు. తెల్లరాజునూ అదే కొమ్మలోంచి తీశారు. నాకు నల్ల లక్క పూశారు, వాడిని కర్ర రంగులోనే వదిలేశారు. అంతే తేడా. ఎదురెదురుగా నిలబెట్టి శత్రువులన్నారు. మనుషులకు అలాంటివి ఇష్టం.

నన్ను కొన్న సన్యాసినాయుడు తన కొడుకు దాలినాయుడికీ, అల్లుడు జగ్గునాయుడికీ ఆట నేర్పి పోయాడు. బావలిద్దరూ రోజూ అరుగు మీద ఆడేవారు. ఒకనాడు దాలినాయుడు నన్ను పట్టుకుని, ప్రమాదం కనిపించగానే వదిలేశాడు.

"ముట్టుకుంటే కదపాల" అన్నాడు జగ్గునాయుడు.

"ముట్టుకోనేదు, సర్దినాను."

ముట్టుకున్నాడు. నాకు తెలియదా? ఆ రోజుతో మాటలు పోయాయి. ఒకడికి చెల్లెలు, ఇంకొకడికి పెళ్లాం అయిన గౌరమ్మకు పుట్టిల్లు పోయింది. అది ఇద్దరికీ పట్టలేదు. దాన్ని మాత్రం నేను క్షమించను.

ఈ ఏడాది గ్రంథాలయంలో పోటీ పెట్టారు. చివరి ఆటలో వీళ్లిద్దరే ఎదురుపడ్డారు. బల్ల మీద ఆ పాత పావులం మేమే.

జగ్గునాయుడు ఏ బంటు కదిపితే దాలినాయుడూ ఆ బంటే కదిపాడు. గుర్రానికి గుర్రం, శకటుకు శకటు. నేర్పిన చెయ్యి ఒకటే కదా! చివరికి బంట్లు ఒకదానికొకటి అడ్డుపడి బిగుసుకుపోయాయి. రాజులం మేం ఊరికే ఇటూ అటూ తిరుగుతున్నాం. గెలుపు ఎవరికీ లేదు. కానీ డ్రా కావాలంటే ఒకరు నోరు విప్పి అడగాలి. గడియారం నడుస్తోంది. టైమ్ అయిపోయినవాడు ఓడిపోతాడు.

వెనక బెంచీ మీంచి గౌరమ్మ అంది, "అడిగితే ముత్తేలు రాలిపోతాయేటి?"

దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "డ్రా సేసుకుందుమా, బావా?"

"ఇన్నాళ్లకి నోరొచ్చిందేటి?" జగ్గునాయుడు చెయ్యి చాచాడు.

డ్రా అయితే రాజులిద్దరినీ నడి గళ్లలో పక్కపక్కన నిలబెట్టడం పోటీల్లో మర్యాద. దాలినాయుడు నా తల మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"ముట్టుకున్నావు" అన్నాడు జగ్గునాయుడు. "కదపాల్సిందే."

"ముట్టుకున్నాను బావా. అప్పుడూ ముట్టుకున్నాను."

నన్ను తెల్లరాజు పక్కన పెట్టాడు. బల్ల మీద మేం అలా నిలబడటం అదే మొదలు.

"ఇయ్యేల మా అన్నియ్య ఇంటికాడే కూడు" అంది గౌరమ్మ. ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు సాయంత్రాలు మళ్లీ అరుగు మీదే నా కాపురం. తిట్లూ మళ్లీ మొదలయ్యాయి. వినడానికి బాగానే ఉంటాయి. నన్ను మాత్రం ఎవరూ ఊరికే ముట్టుకోరు.