రెండు చెంచాల నూనెతో కొరమేను పులుసు

ఫోన్‌లో ఏలూరు ల్యాబ్ అమ్మాయి "ఏడు పాయింట్ ఒకటండీ" అనగానే నేను పెనం మీద పెసరట్టు వదిలేసి గెంతాను. మా మామగారు వెంకట్రాజుగారి మూడు నెలల సగటు షుగర్ అది. నేను కోడలిగా మండవల్లి వచ్చేనాటికి తొమ్మిదిన్నర!

డిగ్రీలో న్యూట్రిషన్ చదివానన్న ఉత్సాహంతో, పెళ్ళయిన వారానికే ఈ ఇంటి వంట మార్చేస్తానన్నాను. మామగారు ఒకే షరతు పెట్టారు. "మూడు నెలలు నువ్వేం పెడితే అది తింటానమ్మా. ఆ తర్వాత నా కంచం జోలికి రాకూడదు." అప్పట్నుంచి మునగాకు పెసరట్లు, జొన్న ఉప్మా, దంపుడు బియ్యం. చేపల చెరువు నుంచి రాగానే "ఏం పద్మా, ఇవాళ మేతేంటి?" అని వెక్కిరిస్తూనే కంచం ఖాళీ చేసేవారు.

ఆ గడువు నేటితో సరి.

"హమ్మయ్య, శిక్ష అయిపోయింది!" అన్నారాయన మా అత్తగారి వైపు తిరిగి. "వెంకటలక్ష్మీ, మూకుడు పెట్టు. కొరమేను వేపుడు, బొబ్బట్లు. ఇకనుంచి మన పాత తిండే."

పాత తిండంటే మళ్ళీ ఆ తొమ్మిదిన్నరే.

"ఈ ఒక్కరోజు నాకివ్వండి మామయ్యగారూ. పండగ భోజనమే పెడతాను. నచ్చకపోతే మూకుడు నేనే పెడతాను."

"మాటేనా?"

"మాటేనండి."

మావారు దుర్గాసాయి చెరువు నుంచి ఎగిరెగిరి పడుతున్న కొరమేను తెచ్చి, "చేపల విషయంలో నాన్నతో పందెమా? ధైర్యవంతురాలివే!" అని నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకింకా ధైర్యం వచ్చేసింది. ముక్కలకు ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించాను. రెండే చెంచాల నూనెలో ఉల్లిముద్ద వేయించి, చింతపండు పులుసు పోసి, ముక్కలు వేసి, వేయించిన ధనియాలు, మెంతుల పొడి చల్లాను. ముక్క విరగకుండా, గరిటె పెట్టకుండా గిన్నెనే గుడ్డతో పట్టుకుని తిప్పాను. వాసనకు నాకే నోరూరింది.

మామగారు వేడివేడిగా ఒక ముద్ద తిన్నారు. రెండోది తిన్నారు. కంచం కాస్త వెనక్కి నెట్టారు.

"పులుసు పులుసే, ముక్క ముక్కే. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదమ్మా. ఏదీ, మూకుడు?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అత్తగారు మాత్రం గిన్నె మీద చెయ్యి పెట్టి చూశారు.

"పొయ్యి మీంచి దించి ఎంతసేపైంది?"

"ఇప్పుడేనండీ అత్తయ్యగారూ."

"అయ్యో పిచ్చిపిల్లా! చేపల పులుసు దించీదించగానే పెడతారా ఎవరైనా? పులుసు ముక్కలోకి దిగాలి కదూ!"

నాకేం తెలుసు? మా నల్లజర్లలో మా ఇంట చేప వండడం ఏడాదికి రెండుసార్లు. ఆ రోజు అందరం పొయ్యి దగ్గరే కూర్చుని గిన్నె ఖాళీ చేసేసేవాళ్ళం. పులుసు మిగలడమనేదే నేనెరగను.

అత్తయ్యగారు మామగారి వైపు తిరిగారు. "ఏవండీ, మీ అమ్మగారు ఏనాడైనా ఇంత వేడి పులుసు పెట్టారా మీకు? సాయంత్రం దాకా ఆగండి. అందాకా ఈ ఇంట్లో మూకుడు కనబడదు."

ఆయన గొణుక్కుంటూనే మజ్జిగన్నం తిని లేచారు.

సాయంత్రం అయిదింటికి మంచినీళ్ళ కోసమంటూ వంటింట్లోకి వెళ్ళారు. నేనూ మావారూ తలుపు చాటు నుంచి చూస్తున్నాం. మూత తీశారు. కాస్త అన్నం పెట్టుకుని పులుసు కలిపి తిన్నారు. మళ్ళీ కలిపారు. మూడోసారి అన్నం ఊసే లేదు, ఉత్త ముక్కే! నేను నవ్వు ఆపుకోలేక మావారి భుజం కొరికేశాను.

"నాకు తెలుసు, అక్కడే ఉన్నారు," అన్నారు మామగారు వెనక్కి తిరక్కుండానే. చెయ్యి కడుక్కుని తాడేపల్లిగూడెంలో ఉన్న చెల్లెలికి ఫోన్ కలిపారు.

"మాణిక్యం, నీ షుగర్ ఎంతుందే? పదికి వెళ్ళిందా! రేపు పొద్దున్నే మొదటి బస్సు ఎక్కెయ్. టిఫిన్ తినకుండా రా. చద్దన్నంలో మా కోడలి పులుసు పెట్టిస్తాను. రేపట్నుంచి నీకు మూడు నెలలు, నాకు ఇంకో మూడు నెలలు."