ఫిట్టరు కొత్త సాకెట్

ఫిట్టరుకు ఆ రోజు పొద్దుటి నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. ఇంటి వెనక షెడ్డులో బల్ల మీద భార్య కుట్టుమిషన్ వెల్లకిలా పడి ఉంది. దాని దగ్గరికి వెళ్తాడు, తొంగి చూస్తాడు, మళ్లీ బయటికొచ్చి చేతులు తుడుచుకుంటాడు. అంటని మురికిని అన్నిసార్లు తుడుచుకునే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి.

మిషన్ అడుగున మోటారును పట్టి ఉంచే బోల్టు రంధ్రం అరిగిపోయింది. దాన్ని కాస్త పెద్దగా తొలిచాడు, ఇక లోపల బోల్టు మర పట్టేలా కొత్త థ్రెడ్డు కోయాలి. కోసే ఉక్కు ముక్కను ట్యాప్ అంటారు. దాని నెత్తిని పట్టుకునే పిడికి రెండు రెక్కలుంటాయి, రెండు చేతులతో సమంగా తిప్పాలి. ట్యాప్ గట్టిదే గానీ పెళుసు. లోపల విరిగిందా, డ్రిల్లు కూడా దాన్ని కొరకలేదు. మిషన్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయాల్సిందే. భార్య టైలరు. ఆ మిషన్ ఆడితేనే ఇల్లు ఆడుతుంది.

ఈమధ్య ఫిట్టరు వరసగా ట్యాపులు విరగ్గొట్టాడు. తప్పంతా పిడిదే అన్నాడు, రెక్కలు వంగిపోయాయన్నాడు. చివరికి ట్యాప్ నెత్తిన తొడిగే సాకెట్టూ, దాన్ని తిప్పడానికి ఒకవైపే పట్టు ఇస్తూ కటకటమనే రాచెట్టూ కొనుక్కొచ్చాడు. అదృష్టం కొద్దీ ఈ రంధ్రం రెండు గోడల మధ్య లోతుగా ఉంది, రెక్కల పిడి అక్కడ తిరగదు. సాకెట్ కొన్నందుకు ఒక సాకైనా దొరికింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస," అంది టైలరమ్మ టార్చి పట్టుకుంటూ.

ఊరికే ఆటపట్టించింది. ఆయనకు మాత్రం గుండెలో కలుక్కుమంది, ఎందుకంటే నిజమదే. ఎండాకాలం నుంచీ వేళ్ల కొసల్లో స్పర్శ పోతోంది. ట్యాప్ బిగుస్తున్న సంగతి చేతికి ముందే తెలియాలి. తెలిస్తే కాస్త వెనక్కి తిప్పి, కోతకు లేచిన ఇనప తురుము తెంపి, మళ్లీ ముందుకు పోతారు. ఆయన చేతికి ఆ కబురు అందడం మానేసింది. పైకి అంటే పని పోతుందని, పని పోతే ఇక తానెందుకూ పనికిరాడని ఆయన భయం.

"కాస్త టీ తాగి చేద్దురు గానీ."

"టీలు తాగుతూ కూర్చుంటే పనవుతుందా? టార్చి తిన్నగా పట్టుకో."

ఎడమచేత్తో సాకెట్‌ను నొక్కిపట్టి, కుడిచేత్తో రాచెట్ లాగాడు. ఒంటిచేతి లాగుడుకి ట్యాప్ ఒరిగిపోతుందని చూపుడువేలు లోపలికి దూర్చి ఆనించాడు. వెనక్కి తిప్పాలంటే రాచెట్ మీట మార్చాలి. అంత ఓపిక ఎక్కడిది? ఇంకొక్క చుట్టు, ఇంకొక్క చుట్టు అనుకుంటూ లాగాడు.

"ఏవండీ, ఆపండి! రక్తం!"

"ఎక్కడ?"

ట్యాప్ పళ్లు ఆయన వేలిని బాగా లోతుగా కోశాయి. ఆయన ఆ వేలు ఎత్తి, ఇంకెవరిదో అన్నట్టు చూశాడు. టైలరమ్మ గుడ్డపీలిక చుట్టింది. సూది గుచ్చుకుంటేనే ఎంత నొప్పో తెలిసిన మనిషి. ఇంత తెగినా అబ్బా అనని మొగుణ్ణి చూసి, టార్చి పక్కన పెట్టి ఆయన రెండో చేయి ముందుకు చాపించింది.

"కళ్లు మూసుకోండి. నేను ముట్టుకున్నప్పుడు చెప్పండి."

మూసుకున్నాడు గానీ కాలు ఆడిస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడు?"

"ఆఁ, తెలుస్తోంది."

"నేనింకా ముట్టుకోలేదు."

ఆయన కళ్లు తెరవలేదు. తెరిస్తే నీళ్లు కారేలా ఉన్నాయి. అలా మూసుకునే, స్పర్శ ఎప్పటి నుంచి పోతోందో, ట్యాపులు ఎందుకు విరుగుతున్నాయో అన్నీ చెప్పేశాడు.

"చెప్పుకోవడానికి నేను లేనా? గోడలకు చెప్పుకుందామనుకున్నారా?" అని ఆమె కడిగేసింది. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. తిట్టడం అయ్యాక రాచెట్ అందుకుంది. "ఎటు తిప్పాలి?"

"నీవల్ల కాదు. విరుగుతుంది."

"విరిగితే నా మిషనేగా. చెప్పండి."

మీట మార్చి ముందు వెనక్కి తిప్పమన్నాడు. తురుము దులపమన్నాడు, కిరోసిన్ చుక్క వేయమన్నాడు. ఆమె మళ్లీ ముందుకు తిప్పుతుంటే ఉండబట్టలేక బల్ల చుట్టూ తిరగసాగాడు.

"బిగుస్తోందండీ."

"ఎంత?"

ఆమె ఆలోచించింది. "తడి దుప్పటి పిండితే చివర్లో ఉంటుందే, అంత."

ఆయన ఠక్కున ఆగిపోయాడు. ఆ బిగువు ఎంతో ఆయనకు బాగా తెలుసు.

"చాలు. వెనక్కి తిప్పు."

అలా ముందుకూ వెనక్కూ తిప్పుతూ ట్యాప్‌ను అడుగు దాకా దింపి, విరగకుండా బయటికి తీసింది. ఎవరు కోసిన థ్రెడ్డునైనా స్వయంగా బోల్టు తిప్పి చూస్తే గానీ ఒప్పుకోని మనిషి ఫిట్టరు. బోల్టు అందుకోబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే ఎక్కించు. ఎలా పోతోంది?"

"నున్నగా పోతోంది."

"నిజంగా?"

"మీలా అబద్ధాలాడటం నాకు చేతకాదు."

ఫిట్టరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రేపు డాక్టరు దగ్గరికి నువ్వూ రా," అన్నాడు. "ఒక్కణ్ణే వెళ్తే ఆయనకీ అబద్ధమే చెప్తాను."