నాలుగో కొక్కెం మీది వాచీ

చచ్చిపోయాక కూడా ఆ మనిషి తనను కూర్చోనివ్వడం లేదని కౌంటరమ్మకు ఒళ్ళు మండిపోతోంది.

మొగుడు పోయి మూడు వారాలైంది. మరణ ధ్రువీకరణ పత్రం కోసం మునిసిపల్ ఆఫీసుకు రావడం ఇది నాలుగోసారి. గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టుకుని, ఆమె దరఖాస్తునూ పోలీసులు పంపిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ఈ పేరుతో అసలు మనిషే లేడని పోలీసులు రాశారమ్మా. లేని మనిషి చనిపోయాడని నేనెలా రాసేది?"

"సరే బాబూ, వాళ్ళు రాసిన ఆ రెండో పేరుతోనే ఇవ్వండి."

"ఇస్తాను. ఆ పేరుగలాయనకు మీరేమవుతారు?"

"భార్యని."

"రుజువు?"

రుజువెక్కడిది? పెళ్ళి రిజిస్టరు చేయిద్దామని ఆమె అన్నప్పుడల్లా ఆ మహానుభావుడు "రేపు చూద్దాంలే" అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు రేపే చూశాడు. వీధిలో అందరూ ఆయన్ని రేపటాయన అనేది ఊరికే కాదు. వాచీ ఎప్పుడిస్తావని ఎవరడిగినా, తల ఎత్తకుండా, కంటికున్న భూతద్దం తియ్యకుండా, "రేపు రండి" అనేవాడు. ఆ రేపులన్నిటికీ ముందు బల్ల దగ్గర నిలబడి సంజాయిషీ చెప్పుకునే ఉద్యోగం ఆమెది. అలా ఆమె కౌంటరమ్మ అయింది. ఇప్పుడు చూస్తే ఆఫీసులో కూడా అదే ఉద్యోగం.

ఆయన పోయిన తీరులో ఏ గొడవా లేదు. మధ్యాహ్నం మూడింటికి పనిబల్ల మీద తల వాల్చాడు, అంతే. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె పావుగంట విసుక్కుంది కూడా. ఆస్పత్రిలో గుర్తింపు కార్డు అడిగారు. లేదు. ఏ కార్డూ లేదు. ఉన్నట్టుండి పోయిన మనిషి, కాగితం ముక్క లేదు కదా అని, అక్కడున్న కానిస్టేబులు వేలిముద్రలు తీసుకున్నాడు. "ఏం లేదమ్మా, పద్ధతి కోసం" అన్నాడు. ఆ పద్ధతే కొంప ముంచింది.

దహనమైన రెండు వారాలకు ఇన్‌స్పెక్టరు షాపుకొచ్చాడు. గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, పూస గుచ్చినట్టు చెప్పాడు. ముప్పై ఒక్కేళ్ళ కిందట, రైల్లో ఒక రోజు ప్రయాణమంత దూరంలో ఉన్న ఊళ్ళో, ఒక వాచీల షాపులో పనివాడు తన యజమానిని కొట్టి చంపాడు. గోడ గడియారానికి వేలాడే ఇత్తడి గుండుతో కొట్టాడు. ఆ సాయంత్రం నుంచి ఎవరికీ కనపడలేదు. గుండు మీది వేలిముద్రలూ, ఈయనవీ ఒకటే.

"మా ఆయనా?" అంది కౌంటరమ్మ. "ఇంట్లో బల్లి కనబడితే చీపురు నా చేతికిచ్చి వీధిలోకి వెళ్ళిపోయేవాడండీ!"

ఇన్‌స్పెక్టరు జేబులోంచి పుస్తకం తీశాడు. పెళ్ళికి ముందు ఆయన ఎక్కడుండేవాడని అడిగాడు. ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. అందులో ఒక్క ముక్కా నిజం కాదని ఇద్దరికీ అప్పటికే అర్థమైంది.

ఆ రోజు ఆమె ఏడవలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్ని పోట్లాటలు, ఎంత గొంతు చించుకోవడం! తమ్ముడి పెళ్ళిలో అందరూ ఫొటోకి నిలబడితే, ఈయన వంటల దగ్గర చూసుకుంటానని మాయమయ్యాడు. మా వాళ్ళంటే మీకు లెక్కలేదని ఆమె వారం రోజులు మాట మానేసింది. రైలెక్కుదామంటే నడుం నొప్పి. బ్యాంకులో సంతకమంటే చెయ్యి వణుకుతుందట. వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టి నిలబెట్టే చెయ్యి! పిసినారి అని తిట్టింది, పిరికి గొడ్డు అని తిట్టింది, సోమరిపోతు అని వీధంతా వినేలా తిట్టింది. ఆయన అన్నీ పడ్డాడు. ఎంత మంచివాడండీ, నోట్లో నాలుక లేదు అని జనం ఆయన్ని మెచ్చుకున్నారు, ఆమెను గయ్యాళి అన్నారు. ఇన్నేళ్ళూ ఆమె ఏ మనిషితో పోట్లాడిందో ఆ మనిషే లేడట. ఇంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకేముంటుంది?

కానీ మంట చల్లారిన చోట ఇంకొకటి మొదలైంది. చంపాడు సరే. చంపినందుకు ఆయన ఎప్పుడైనా బాధపడ్డాడా? అది ఒక్కటి తేలితే చాలు. బాధపడ్డాడంటే, తను కాపురం చేసింది ఒక మనిషితోనే అనుకోవచ్చు. ఆమె ఆయన బట్టల జేబులన్నీ తిరగేసింది. పనిబల్ల సొరుగులు బోర్లించింది. ఒక ఉత్తరం లేదు, దాచుకున్న పేపరు ముక్క లేదు. నిద్రలో ఉలిక్కిపడ్డాడేమోనని గుర్తు చేసుకోబోయింది. ఉలిక్కిపడడమా! పడుకున్న అయిదు నిమిషాలకు గుర్రు. ఆ గుర్రుకు ఆమే చెవుల్లో దూది పెట్టుకుని ఇరవై ఏళ్ళు గడిపింది. తిండి దగ్గర మారు అడక్కుండా లేచిన పూట లేదు. కడుపులో చల్ల కదలకుండా బతికాడు మనిషి.

అప్పుడు ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. చనిపోయిన యజమానికి ఒక కూతురుంది, స్కూల్లో టీచరు. ఆవిడ మిమ్మల్ని చూడాలంటోంది, మీకిష్టం లేకపోతే వద్దని చెప్తాను అన్నాడు.

"రమ్మనండి" అంది కౌంటరమ్మ. చెప్పాక తమ్ముడికి కబురు పెట్టింది.

తమ్ముడు గాభరాపడుతూ వచ్చాడు. బావ అలాంటివాడు కాదు, ఎక్కడో పొరపాటు జరిగింది అని వారం రోజులుగా చెవిలో జోరీగలా అంటున్నవాడే.

"ఆవిడ ఏమడుగుతుందో తెలిసిందే కదక్కా. మీ ఆయన పశ్చాత్తాపపడ్డాడా అని అడుగుతుంది. పడ్డాడని చెప్పేసెయ్. రోజూ ఏడ్చేవాడను. పోయేదేముంది?"

"ఏడ్చేవాడు కాదురా."

"నువ్వు చూడనప్పుడు ఏడ్చాడేమో! అలా అనుకుని చెప్పు. ఆవిడకీ మనశ్శాంతి, నీకూ మనశ్శాంతి, బావకీ కాస్త మంచి పేరు."

ఆమెకు ఆ మాట మీద కోపం రాలేదు. కోపం రానందుకే తన మీద తనకు ఎక్కువ విసుగేసింది.

టీచరు పొద్దున పదకొండింటికి వచ్చింది. నలభై దాటిన మనిషి, భుజాన సంచి, చెప్పులు గుమ్మం బయట విడవాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించి వేసుకునే లోపలికొచ్చింది. కౌంటరమ్మ స్టూలు తుడిచి ఇచ్చింది. మంచినీళ్ళిస్తే టీచరు గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. తమ్ముడు మూల నిలబడి గోడ గడియారాలు చూస్తున్నట్టు నటించాడు.

"నేను పోట్లాడ్డానికి రాలేదండీ" అంది టీచరు. "నాకప్పుడు పదకొండేళ్ళు. రెండు సంగతులు అడిగి పోతాను. ఆ రోజు మా నాన్న చేతి వాచీ నూనె వెయ్యడానికి మీ ఆయన బల్ల మీదే ఉందట. ఆ తర్వాత అదీ దొరకలేదు. గుండ్రంగా, తెల్లటి ముఖం, ఆరు దగ్గర సెకన్లకి విడిగా ఇంకో చిన్న ముఖం ఉంటుంది. ఎక్కడైనా అమ్మేశారేమో, మీకేమైనా తెలుసా?"

కౌంటరమ్మ లేచింది. గిరాకీలు ఇచ్చి, మళ్ళీ తీసుకెళ్ళని వాచీలు ఏ షాపులోనైనా కొన్ని ఉంటాయి. ఇక్కడ వాటిని చెక్కకు కొట్టిన కొక్కేలకు తగిలించి, రోజూ షాపు తియ్యగానే కీ ఇస్తారు. ఆగిపోయి ఉంటే లోపల నూనె గడ్డకట్టి చక్రాలు పాడవుతాయి. ఆ కీ ఇచ్చే పని పెళ్ళైన కొత్తలోనే ఆయన ఆమెకు అప్పగించాడు. ఈ మూడు వారాల్లో కూడా ఆమె మానలేదు. నాలుగో కొక్కెం మీది వాచీ తీసి టీచరు ముందు పెట్టింది.

టీచరు దాన్ని ముట్టుకోలేదు. సెకన్ల ముల్లు తిరుగుతోంది.

"నడుస్తోంది!"

"నేనే నడిపానమ్మా. ఇన్నేళ్ళూ రోజూ నేనే కీ ఇచ్చాను. ఎవరో గిరాకీదనుకున్నాను" అంది కౌంటరమ్మ. తెలియక చేసిన పనే, అయినా నేరంలో తన చెయ్యి కూడా ఉన్నట్టు సిగ్గేసింది.

టీచరు వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత వెనక్కి తిప్పి చూసింది. మూత తియ్యమంటే కౌంటరమ్మ తీసి ఇచ్చింది. మూత లోపలి వైపంతా సూదిమొనతో గీసిన సన్నటి అంకెలు, వరసలు వరసలుగా ఉన్నాయి.

"ఇవేంటి?"

"బాగుచేసిన ప్రతిసారీ తేదీ గీస్తారమ్మా. రిపేరువాళ్ళ అలవాటు."

టీచరు వేలితో ఒక్కొక్కటే తడిమింది. "పది... పదకొండు... ఇన్నిసార్లా? మా నాన్న వాచీని ఇంత జాగ్రత్తగా చూసుకున్నాడా?" ఆవిడ తలెత్తింది. ముప్పై ఒక్కేళ్ళుగా ఎదురుచూస్తున్న పిల్ల ముఖం అది. "అంటే ఆయనకు బాధ ఉంది కదండీ? ఉంటేనే కదా ఇలా చేస్తారు? నేనడగాలనుకున్న రెండోది అదే."

మూలనుంచి తమ్ముడు కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఒక్క 'అవును' చాలు. తను ఎంత వెతికినా దొరకనిది ఈ అమ్మాయి వచ్చిన పావుగంటలో దొరికించుకుంది. ఇద్దరూ చెరి సగం పంచుకుని ఇళ్ళకు పోవచ్చు. కౌంటరమ్మ నోరు కూడా తెరిచింది. కానీ ముప్పై ఏళ్ళు ఆ మనిషి తరఫున ఈ బల్ల ముందు నిలబడి అబద్ధాలు చెప్పింది తనే. నిన్ననే అయిపోయేది, కరెంటు లేదు. ఇవాళే ఇచ్చేవారు, ఒంట్లో బాగాలేదు. ఇంకొక్కటి చెప్పడానికి ప్రాణం విసిగిపోయింది.

"షాపులో ఏ వాచీ మూత తీసినా ఇలాగే ఉంటుందమ్మా" అంది. "మూడేళ్ళకోసారి నూనె మార్చాలి. దేనికైనా మారుస్తారు. కింది మూడు తేదీలు ఆయన గీసినవి కూడా కావు, కళ్ళు సరిగా ఆనక నా చేత గీయించారు."

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

"నువ్వూరుకో."

టీచరు మూతను వదల్లేదు. "పోనీ మా నాన్న గురించి ఎప్పుడూ ఏమీ అనలేదా? ఒక్క మాటైనా?"

అప్పుడు ఆమెకు ఆ మాట జ్ఞాపకమొచ్చింది. ఇన్ని రోజులూ జేబుల్లో, సొరుగుల్లో వెతికింది గాని, తన చెవిన పడ్డదాన్ని వెతకలేదు. పెళ్ళైన రెండో ఏడో, మూడో ఏడో. ఈ వాచీకి కీ ఇస్తూ, ఎవరిదండీ ఇది, ఇన్నేళ్ళైనా రాడేం అని తనే అడిగింది.

"అన్నారమ్మా. మహా కోపిష్టి అన్నారు. చిన్న స్క్రూ ఒకటి పోయిందని నలుగురి ముందు నానా మాటలూ అన్నాడట."

టీచరు కళ్ళు నిండాయి. "అవును. మా నాన్నకి కోపం. ఇంకా?"

"మళ్ళీ వస్తే మీతో పేచీ పెట్టుకుంటాడేమో, జాగ్రత్తగా ఉంచాలి అన్నాను నేను." కౌంటరమ్మ బల్ల అంచు పట్టుకుంది. "అతను రాడు, వచ్చినా ఇంక నాతో పేచీ పెట్టుకోడు అన్నారు. అని నవ్వారమ్మా. కడుపుబ్బ నవ్వారు."

టీచరు మూత ఆమె చేతిలో పెట్టింది. బిగించి ఇమ్మని కాబోలు. ఆమె దాన్ని బిగించకుండా బల్ల మీద పెట్టింది.

"నేను కూడా నవ్వాను" అంది కౌంటరమ్మ.